ఓటుతో తలుపులు మూసి, ఓటుతోనే తెరిచిన ఒరెగాన్

1857 నవంబర్ 9న ఒరెగాన్‌లోని తెల్లజాతి మగవాళ్లు మూడు ప్రశ్నల మీద ఓటు వేశారు. సేలం పట్టణంలో 60 మంది ప్రతినిధులు కూర్చుని రాసిన రాజ్యాంగం సమ్మతమేనా అన్నది మొదటి ప్రశ్న. 7,195 మంది అవునన్నారు, 3,215 మంది కాదన్నారు. ఇక్కడ బానిసత్వం ఉండాలా అన్నది రెండోది. 7,727 మంది వద్దన్నారు, కావాలన్నవారు 2,645 మంది. లెక్క ఇక్కడితో ఆగి ఉంటే ఒరెగాన్ పేరు అమెరికా చరిత్రలో గొప్పగా వెలిగేది. కానీ మూడో ప్రశ్న ఒకటి మిగిలింది. బానిసలు కాకుండా స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లను రాష్ట్రంలోకి రానివ్వాలా? రానివ్వమన్నవారు 1,081 మంది. వద్దన్నవారు 8,640 మంది. బానిసత్వాన్ని కాదన్న ఓట్ల కంటే నల్లవాళ్లను కాదన్న ఓట్లే ఎక్కువ.

ఈ రెండు తీర్పులూ ఒకే చేతుల నుంచి వచ్చాయి. అందులో ఆ ఓటర్లకు వైరుధ్యం కనిపించలేదు. వాళ్లలో చాలామంది మిస్సోరి, ఇల్లినాయి, ఇండియానా వంటి చోట్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన చిన్న రైతులు. బానిసలతో సాగు చేయించే పెద్ద భూస్వామి పక్క పొలంలోకి వస్తే తమకు బతుకు ఉండదని వాళ్ల భయం. అందుకే బానిసత్వం వద్దు. నల్లవాళ్లతో కలిసి ఉండటమూ వద్దు. 1859 ఫిబ్రవరి 14న ఒరెగాన్ 33వ రాష్ట్రంగా అమెరికాలో చేరింది. నల్లవాళ్ల రాకను నిషేధించే నిబంధనను రాజ్యాంగంలోనే పెట్టుకుని సమాఖ్యలోకి వచ్చిన రాష్ట్రం ఇదొక్కటే.

పసిఫిక్ తీరంలో, కాలిఫోర్నియాకు పైన, వాషింగ్టన్ రాష్ట్రానికి కింద ఉన్న ఈ రాష్ట్రానికి ఇంకో పేరూ ఉంది. చట్టసభను పక్కనబెట్టి ప్రజలే నేరుగా చట్టం చేసుకునే పద్ధతిని అమెరికా అంతటికీ నేర్పిన రాష్ట్రం అది. మన దగ్గర ఓటరు మనిషిని ఎన్నుకుంటాడు. ఒరెగాన్ ఓటరు మనిషితో పాటు చట్టాన్నీ ఎన్నుకుంటాడు. ఈ రెండు పేర్లనూ విడివిడిగా చెప్పడం అక్కడి పాఠ్యపుస్తకాలకు చాలాకాలం అలవాటు. కలిపి చూస్తేనే అసలు కథ తెలుస్తుంది. బ్యాలెట్ మీద ఏ ప్రశ్న అడిగినా, దాని వెనక అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది: ఓటు వేసే ప్రజల్లో ఎవరెవరిని కలుపుకున్నారు?

ఆ ప్రశ్న రాష్ట్రం పుట్టకముందే మొదలైంది. 1843 మే 2న విల్లమెట్ నది ఒడ్డున చాంపోయెగ్ దగ్గర కొందరు వలసదారులు సమావేశమై తాత్కాలిక ప్రభుత్వం పెట్టుకోవాలని తీర్మానించారు. 52 మంది ఒకవైపు, 50 మంది మరోవైపు నిలబడ్డారని చెబుతారు. లెక్క కచ్చితమో కాదో గానీ, ఆ కథ ఒరెగాన్‌కు పుట్టుమచ్చ లాంటిది. ఆ ఏడాదే దాదాపు వెయ్యి మంది సుమారు 2,000 మైళ్ల ఒరెగాన్ బాట పట్టి వచ్చారు. మరుసటి సంవత్సరం, 1844లో, ఆ తాత్కాలిక ప్రభుత్వం నల్లవాళ్లు గడువులోగా ప్రాంతం విడిచి వెళ్లాలని, వెళ్లకపోతే 20 నుంచి 39 వరకు కొరడా దెబ్బలు కొట్టాలని చట్టం చేసింది. వెళ్లేదాకా ఆరు నెలలకోసారి ఆ శిక్ష మళ్లీ వేయాలట. ఆ చట్టం వెనక ఉన్న పీటర్ బర్నెట్ ఆ తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రానికి తొలి గవర్నర్ అయ్యాడు. కొరడా నిబంధన అమలుకు రాకముందే తీసేశారు. నిషేధం మాత్రం కొత్త రూపాల్లో తిరిగి వచ్చింది. 1851లో జేకబ్ వాండర్‌పూల్ అనే వ్యాపారిని అలాంటి కొత్త చట్టం కిందే వెళ్లగొట్టారు.

చట్టం ఎవరినైనా ఆపాలనుకుంటే ముందు ఆపేది నిజాయతీపరుడినే. 1844 బిడారులో వచ్చిన జార్జ్ బుష్ నల్లజాతి రైతు, డబ్బున్నవాడు. దారిలో తోటి కుటుంబాలకు సాయం చేసినవాడు. ఒరెగాన్‌లో ఉండటానికి వీల్లేదని తెలిసి ఆయన స్నేహితులతో కలిసి కొలంబియా నదికి ఉత్తరంగా వెళ్లి ప్యూజెట్ సౌండ్ దగ్గర స్థిరపడ్డాడు. అప్పటికి ఆ ఉత్తర ప్రాంతం కోసం బ్రిటన్, అమెరికా రెండూ పోటీ పడుతున్నాయి. ఇవాళ వాషింగ్టన్ రాష్ట్రంగా ఉన్న ఆ నేల మీద తొలి అమెరికన్ స్థిరనివాసాల్లో ఒకటి ఒరెగాన్ గెంటేసిన మనిషి చలవే.

1850లో వచ్చిన భూదాన చట్టం తెల్లజాతి మగవాడికి 320 ఎకరాలు, పెళ్లయితే భార్యాభర్తలకు కలిపి 640 ఎకరాలు ఉచితంగా ఇచ్చింది. ఆ ఎకరాలు ఎవరివి? కాలపూయా, మొలాలా, రోగ్ నది తెగల వాళ్లవి. వాళ్లతో ఒప్పందాలు కుదరకముందే భూమి పంచేశారు. చాంపోయెగ్‌లో గానీ సేలంలో గానీ వాళ్లకు ఓటు లేదు.

నేరుగా చట్టం చేసే హక్కు కథ ఒక తోటలో మొదలైంది. పోర్ట్‌లాండ్ పక్కన మిల్వాకీ ఊళ్లో లెవెలింగ్ కుటుంబానికి పండ్ల తోటలుండేవి. సేత్ లెవెలింగ్ పెంచిన ఎర్రటి తియ్యని చెర్రీ రకానికి ఆయన దగ్గర పనిచేసిన చైనా మేస్త్రీ ఆ బింగ్ పేరు పెట్టారు. ఇప్పటికీ అమెరికా మార్కెట్లో ఆ పండు బింగ్ చెర్రీనే. సొంతూరు చూసి వద్దామని చైనా వెళ్లిన ఆ మేస్త్రీ 1882 నాటి చైనా వలస నిషేధ చట్టం వల్ల మళ్లీ తిరిగి రాలేకపోయాడంటారు. లెవెలింగ్ ఇంట్లోనే 1892 ప్రాంతంలో విలియం యురెన్ చేతికి స్విట్జర్లాండ్ ప్రజల నేరు చట్టాల గురించిన చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. యురెన్ కమ్మరి పని చేశాడు, పత్రిక నడిపాడు, వకీలయ్యాడు. మెత్తగా మాట్లాడే మనిషి. కానీ పట్టు పడితే వదలడు.

అప్పటి ఒరెగాన్ శాసనసభ ఎలాంటిదో చెప్పడానికి 1897 ఒక్కటి చాలు. అమెరికా సెనేట్‌కు సభ్యుడిని అప్పట్లో శాసనసభే ఎన్నుకునేది. సెనేటర్ జాన్ మిచెల్ మళ్లీ ఎన్నిక కాకుండా చూడటానికి ప్రత్యర్థులు ప్రతినిధుల సభకు కోరమే లేకుండా చేశారు. సమావేశాల గడువు మొత్తం గడిచిపోయింది. సభ కూర్చోలేదు, ఒక్క చట్టం కాలేదు. ఆ పన్నాగం నడిపినవాళ్లలో యురెన్ కూడా ఒకడు. నీతివంతమైన ప్రభుత్వం కోసం అంత మురికి ఎత్తుగడ వేయాల్సి వచ్చినందుకు ఆయన పెద్దగా సిగ్గుపడినట్టు కనిపించదు. ఆ సభను ఎండగట్టడానికి మాత్రం ఆ అనుభవం బాగా పనికొచ్చింది. చట్టసభ రెండు వరస సమావేశాల్లో ఆమోదించిన నేరు చట్టాల సవరణ 1902 జూన్‌లో ప్రజల ముందుకు వెళ్లింది. 62,024 మంది ఔనన్నారు, 5,668 మంది కాదన్నారు.

దానితో ఓటర్లు సంతకాలు సేకరించి తామే బిల్లు పెట్టొచ్చు. శాసనసభ చేసిన చట్టాన్ని ప్రజల ఓటుకు లాగొచ్చు. 1908లో, పనికిరాని ప్రజాప్రతినిధిని మధ్యలోనే దించే రీకాల్ హక్కు కూడా చేరింది. దేశమంతా దీన్ని ఒరెగాన్ పద్ధతి అన్నారు. తర్వాతి పదేళ్లలో పశ్చిమ రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి దీన్ని అందుకున్నాయి. మిచెల్ సంగతి: ప్రభుత్వ భూముల కుంభకోణంలో 1905లో దోషిగా తేలి ఆ ఏడాది డిసెంబర్‌లోనే చనిపోయాడు. యురెన్ మాత్రం గవర్నర్ పదవికి పోటీ చేసి చిత్తుగా ఓడాడు. ప్రజలకు అధికారం ఇచ్చినవాడికి ప్రజలు అధికారం ఇవ్వలేదు.

ఈ కొత్త హక్కు ఎవరికి ఎలా పనికొచ్చిందో అబిగేల్ స్కాట్ డనివే జీవితం చెబుతుంది. 1852లో 17 ఏళ్ల వయసులో ఆమె కుటుంబంతో ఒరెగాన్ బాట పట్టింది. దారిలోనే తల్లీ, చిన్న తమ్ముడూ చనిపోయారు. పెళ్లయ్యాక భర్త స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టాడు. ఆ అప్పు తీరక పొలం పోయింది. సంతకం పెట్టేటప్పుడు ఆమెను అడిగే అవసరం చట్టానికి లేదు. అప్పు కట్టేటప్పుడు మాత్రం ఆమె చాకిరీ కావాల్సి వచ్చింది. భర్త ప్రమాదంలో దెబ్బతిన్నాక ఆమె బడి పెట్టింది, టోపీల దుకాణం నడిపింది. ఆడవాళ్లు కొనడానికి వచ్చి చెప్పుకున్న కష్టాలు వింటూ ఆమె అర్థం చేసుకున్నది ఒక్కటే, ఓటు లేని మనిషి గోడు చట్టం వినదని. 1871లో పోర్ట్‌లాండ్‌లో సొంత వారపత్రిక ప్రారంభించి 1887 దాకా నడిపింది.

ఆమెకు అడ్డు నిలిచింది ఇంటివాడే. తమ్ముడు హార్వే స్కాట్ ఆ రాష్ట్రంలో అతి పెద్ద దినపత్రిక ఒరెగోనియన్ సంపాదకుడు. స్త్రీలకు ఓటు ఇవ్వకూడదని రాసిన సంపాదకీయాలు ఆయనవే. 1884, 1900, 1906, 1908, 1910: అయిదుసార్లు ప్రశ్న బ్యాలెట్ మీదకు వచ్చింది, అయిదుసార్లూ మగవాళ్లు కాదన్నారు. ఓటు హక్కు ఎవరికివ్వాలో ఓటున్నవాళ్లే తేల్చే పద్ధతిలోని అసలు లోపం ఇక్కడ బయటపడుతుంది. మద్యం వ్యాపారులు కూడా తమ దుకాణాలు మూయిస్తారని ఆడవాళ్ల ఓటుకు భయపడ్డారు. వాళ్ల భయం అబద్ధమేం కాదు. ఓటొచ్చిన రెండేళ్లకే, 1914లో, రాష్ట్రం మద్యనిషేధానికి ఓటేసింది.

1912లో ఆరోసారి, అంతకుముందు రెండేళ్లలో వాషింగ్టన్, కాలిఫోర్నియా దారి చూపాక, ప్రతిపాదన గట్టెక్కింది. గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ అధికారిక ప్రకటన రాసే పని 78 ఏళ్ల డనివేకే అప్పగించాడు. ఆ ఉద్యమంలో హాటీ రెడ్‌మండ్ వంటి నల్లజాతి స్త్రీలూ ఉన్నారు. ఆమె తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. చైనాలో పుట్టిన స్త్రీలకు మాత్రం 1912లోనూ ఓటు దక్కలేదు, ఎందుకంటే వాళ్లు పౌరులు కాలేరు. ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చింది 1924లోనే.

పదేళ్లకు ఒరెగాన్ పద్ధతి రెండో ముఖం కనిపించింది. 1922 నవంబర్‌లో ఓటర్లు ఒక చట్టాన్ని ఆమోదించారు. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలి. చూడటానికి సమానత్వం లాగే ఉంటుంది. అసలు గురి క్యాథలిక్ బడుల మీద. తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ సంస్థ ఆ రోజుల్లో ఒరెగాన్‌లో బహిరంగంగా ఊరేగింపులు తీసే స్థాయిలో ఉంది, ఈ చట్టానికి గట్టిగా పనిచేసింది. దాని మద్దతుతోనే వాల్టర్ పియర్స్ గవర్నర్‌గా గెలిచాడు. నన్‌ల సంఘం ఒకటి, సైనిక పాఠశాల ఒకటి కోర్టుకెళ్లాయి. 1925 జూన్ 1న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టాన్ని కొట్టేసింది. పిల్లల చదువు విషయంలో తల్లిదండ్రుల హక్కు మీద అమెరికాలో ఇప్పటికీ ఉదహరించే తీర్పు అది. ప్రజల ఓటు కన్నా పెద్దది ఏదో ఒకటి ఉండాలని ఒరెగాన్‌కు మొదటిసారి గట్టిగా తెలిసింది కోర్టు ద్వారానే. అయితే కోర్టూ అందరికీ ఒకేలా దొరకలేదు. భారతీయుల కథ అందుకు సాక్ష్యం.

కొలంబియా నది సముద్రంలో కలిసే చోట ఆస్టోరియా పట్టణం ఉంది. అక్కడి కలప మిల్లుల్లో 20వ శతాబ్దం మొదట్లో చాలామంది పంజాబీలు పనిచేశారు. 1910 మార్చిలో పోర్ట్‌లాండ్ దగ్గరి సెయింట్ జాన్స్‌లో తెల్లవాళ్ల మూక మిల్లు పనివాళ్లైన భారతీయుల మీద పడి కొట్టింది, ఊరు వదిలిపొమ్మంది. అలాంటి వాతావరణంలో 1913లో ఆస్టోరియాలో, ఫిన్లాండ్ సోషలిస్టుల సభామందిరంలో, భారత స్వాతంత్ర్యం కోసం గదర్ పార్టీగా పేరు పొందిన సంస్థ రూపు దిద్దుకుంది. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు, హర్‌దయాళ్ కార్యదర్శి. దాని పత్రిక అదే ఏడాది నవంబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కోలో వెలువడింది. ఆ ఉద్యమంలో తెలుగువాడూ ఉన్నాడు. చదువుకోసం అమెరికా వెళ్లి గదర్‌లో చేరి, జైలు పాలై, తర్వాత 'నేనూ నా దేశం' రాసిన దరిశి చెంచయ్య.

ఆస్టోరియా మిల్లులో పనిచేసిన భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. సైనికుడిగా అర్జీ పెట్టుకుని 1918 డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం పొందాడు. కొద్ది రోజుల్లోనే దాన్ని రద్దు చేశారు. 1920లో ఒరెగాన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి చార్లెస్ వుల్వర్టన్ మళ్లీ ఇచ్చాడు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు దాన్ని కూడా ఊడబీకింది. శాస్త్రాలు ఏం చెప్పినా సామాన్యుడి దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు, కాబట్టి పౌరుడు కాలేడు అన్నది తీర్పు సారాంశం. సామాన్యుడి అభిప్రాయమే కొలబద్ద అయినప్పుడు కోర్టుకూ బ్యాలెట్ పెట్టెకూ తేడా ఏముంది? అదే ఏడాది ఒరెగాన్ శాసనసభ పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని చట్టం చేసింది. మిల్లు కూలీకి భూమి లేదు, ఓటు లేదు. భారతీయులకు పౌరసత్వ హక్కు దేశమంతటా రావడానికి 1946 దాకా ఆగాల్సి వచ్చింది.

జపాన్ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. హుడ్ రివర్ లోయలో పండ్ల తోటలు పెంచిన కుటుంబాలను రెండో ప్రపంచ యుద్ధంలో శిబిరాలకు తరలించారు. వాళ్ల కొడుకులు అమెరికా సైన్యంలో పోరాడుతుండగానే, 1944లో, ఆ ఊరి మాజీ సైనికుల సంఘం గౌరవ ఫలకం మీద నుంచి 16 మంది జపనీస్ అమెరికన్ల పేర్లు చెరిపేసింది. ఆ లోయలోనే పుట్టిన వకీలు మినోరు యసూయి 1942 మార్చిలో జపాన్ సంతతివాళ్లకు పెట్టిన కర్ఫ్యూను కావాలని దాటి పోర్ట్‌లాండ్ వీధుల్లో నడిచి, పోలీసు స్టేషన్‌కు తానే వెళ్లి అరెస్టు చేయమన్నాడు. 1943లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. శిక్ష కొట్టేసింది 1984లో. 2015లో, ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు.

యుద్ధకాలంలోనే పోర్ట్‌లాండ్ పక్కన, కొలంబియా నది పల్లపు నేలలో, ఓడల కర్మాగారం పనివాళ్ల కోసం వాన్‌పోర్ట్ అనే ఊరు లేచింది. 1942లో మొదలై కొద్ది నెలల్లోనే పూర్తయింది. ఒక దశలో 42,000 మందితో రాష్ట్రంలో రెండో పెద్ద నగరమైంది. పోర్ట్‌లాండ్‌లో ఇల్లు అద్దెకు దొరకని నల్లవాళ్లకు అది దిక్కైంది. 1948 మే 30న ఉదయం అధికారులు కరకట్టలు గట్టిగా ఉన్నాయి, కంగారు పడొద్దు అని చీటీలు పంచారు. సాయంత్రానికి కట్ట తెగింది. దాదాపు 18,500 మంది నిరాశ్రయులయ్యారు, కనీసం 15 మంది చనిపోయారు. ఊరు మళ్లీ కట్టలేదు. హోటళ్లు, వినోదశాలల్లో జాతివివక్షను నిషేధించే చట్టం ఒరెగాన్‌లో 1953లో వచ్చింది. జాతిని బట్టి ఓటు కాదనకూడదనే అమెరికా 15వ రాజ్యాంగ సవరణను ఒరెగాన్ ఆమోదించింది 1959లో! 1870లోనే దేశమంతటా అమలుకు వచ్చిన సవరణ అది.

1960ల చివర్లో ఒరెగాన్ తన గురించి కొత్త కథ రాసుకుంది, రచయిత గవర్నర్ టామ్ మెకాల్. 1966లో కానన్ బీచ్ దగ్గర ఓ మోటెల్ యజమాని ఇసుకలో కంచె వేసి తన అతిథులకే అని బోర్డు పెట్టాడు. మరుసటి ఏడాది మెకాల్ హెలికాప్టర్‌లో సర్వేయర్లను వెంటబెట్టుకుని తీరంలో దిగి హడావుడి చేశాడు. 1967 బీచ్ చట్టం ఇసుక తీరమంతా ప్రజలదేనని తేల్చింది. 1971లో పానీయాల సీసాలకు డిపాజిట్ పెట్టి తిరిగిచ్చేలా చేసిన చట్టం అమెరికాలోనే మొదటిది. 1973లో పొలాలు, అడవుల మీదికి నగరాలు పాకకుండా ఆపే భూవినియోగ చట్టం వచ్చింది. అదే మెకాల్ 1971లో ఒక టీవీ ముఖాముఖిలో, మా రాష్ట్రం చూడటానికి మళ్లీ మళ్లీ రండి, కాపురానికి మాత్రం రాకండి అన్నాడు. జనం నవ్వుకున్నారు, చప్పట్లు కొట్టారు. చరిత్ర చదివినవాళ్లకు అంత నవ్వు రాదు.

కాపురానికి వచ్చినవాళ్లతో ఒరెగాన్‌కు అసలు పరీక్ష 1981లో ఎదురైంది. పుణె నుంచి వచ్చిన భగవాన్ రజనీష్ శిష్యులు మధ్య ఒరెగాన్ ఎడారి కొండల్లో 64,000 ఎకరాల పశువుల క్షేత్రాన్ని 57.5 లక్షల డాలర్లకు కొన్నారు. అక్కడ రజనీష్‌పురం అని నగరం కట్టారు. 93 రోల్స్ రాయిస్ కార్ల గురించి అందరూ మాట్లాడుకున్నారు. కానీ ఆ గొడవంతా నడిచింది మాత్రం ఓటరు జాబితాల మీద, భూవినియోగ నిబంధనల మీద. పొలాల మధ్య నగరం కట్టకూడదని మెకాల్ నాటి చట్టం చూపి '1000 ఫ్రెండ్స్ ఆఫ్ ఒరెగాన్' సంస్థ వ్యాజ్యం వేసింది. అప్పుడు శిష్యులు పక్కనే ఉన్న ఆంటిలోప్ అనే చిన్న పల్లెలో ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. ఊరు చేజారకుండా 1982 ఏప్రిల్‌లో స్థానికులు అసలు పురపాలికనే రద్దు చేసుకుందామని ఓటు పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. శిష్యుల ఓట్లు చేరి 55-42 తేడాతో ప్రతిపాదన ఓడింది. ఆ ఏడాది నవంబర్‌లో పాలకవర్గం శిష్యుల చేతిలోకి వచ్చింది, తర్వాత ఊరి పేరే మారిపోయింది.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. 1843లో వచ్చినవాళ్లు చేసింది కూడా దాదాపు ఇదే కదా: వచ్చారు, లెక్కపెట్టుకున్నారు, ప్రభుత్వం పెట్టారు. 1984లో మాత్రం కథ నేరంలోకి దిగింది. వాస్కో కౌంటీ పాలకవర్గంలో మెజారిటీ కోసం రజనీష్ కార్యదర్శి మా ఆనంద్ షీలా బృందం దేశమంతటి నుంచి వేలాది నిరాశ్రయులను బస్సుల్లో తీసుకొచ్చింది. అప్పట్లో రాష్ట్రంలో 20 రోజుల నివాసం ఉంటే ఓటు హక్కు వచ్చేది. మరోవైపు స్థానిక ఓటర్లు ఎన్నిక రోజు ఇంట్లోంచి కదలకుండా చేయాలని, సెప్టెంబర్-అక్టోబర్‌లలో ది డాల్స్ పట్టణంలో పది హోటళ్ల సలాడ్ బల్లల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. ఎవరూ చనిపోలేదు. అది అమెరికా చరిత్రలో అతి పెద్ద జీవాయుధ దాడిగా నమోదైంది. అసలు కారణం ఏడాది తర్వాత గానీ తేలలేదు. 1985 సెప్టెంబర్‌లో షీలా దేశం వదిలిపోయాక రజనీషే ఆమెపై ఆరోపణలు చేయడంతో దర్యాప్తు ఊపందుకుంది. ఆమె నేరం ఒప్పుకుంది, సుమారు 29 నెలలు జైల్లో ఉంది. రజనీష్ వలస చట్టాల ఉల్లంఘన కింద 4 లక్షల డాలర్ల జరిమానా కట్టి నవంబర్‌లో అమెరికా వదిలాడు.

ఇక్కడ మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ కుట్రను ఆపడానికి కౌంటీ అధికారులు కొత్తగా వచ్చిన ఓటర్ల నమోదు మొత్తం నిలిపేసి, ఒక్కొక్కరినీ విచారణకు పిలిచారు. కుట్రదారులకు బుద్ధి చెప్పారు, సరే. కానీ ఆ వరసలో నిలబడ్డ నిరాశ్రయుల్లో చాలామంది ఏ కుట్రా తెలియని అమెరికా పౌరులు, మాజీ సైనికులు. వాళ్ల ఓటు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఎన్నికయ్యాక ఆశ్రమం కూడా వాళ్లను పోషించడం మానేసింది. ఇప్పుడు ఆ స్థలంలో క్రైస్తవ యువజన శిబిరం నడుస్తోంది. ఆంటిలోప్ పాత పేరు తిరిగి పెట్టుకుంది.

ఆ తర్వాతి ఒరెగాన్ తలుపులు తెరవడంలోనే ఎక్కువ పేరు తెచ్చుకుంది. 1994లో 51 శాతం ఓటుతో, 1997లో రద్దు ప్రయత్నాన్ని 60 శాతంతో ఓడించి, మరణం దగ్గరపడ్డ రోగి వైద్యుడి చీటీతో ప్రాణం వదిలే హక్కును ఇచ్చిన తొలి రాష్ట్రమైంది. ఆరు నెలల్లో మరణం తప్పదని ఇద్దరు వైద్యులు చెప్పాలి, మందు రోగే తీసుకోవాలి. ఫెడరల్ ప్రభుత్వం అడ్డుకోబోతే 2006లో సుప్రీంకోర్టు 6-3తో రాష్ట్రం పక్షాన నిలిచింది. 1998లో ఎన్నికలన్నీ తపాలా ద్వారానే జరపాలని ఓటర్లు తీర్మానించారు. 2000 అధ్యక్ష ఎన్నికల నుంచి ఒరెగాన్‌లో పోలింగ్ బూత్ అనేదే లేదు. ఇంటికి బ్యాలెట్ వస్తుంది, దాంతో పాటు ప్రతి ప్రతిపాదనకు అనుకూల, ప్రతికూల వాదనలు అచ్చేసిన లావుపాటి పుస్తకం కూడా వస్తుంది. వంటగది బల్ల మీద కూర్చుని చదువుకుని ఓటు వేసే వీలు ఉంది. మన దగ్గర ఎన్నికల ముందు రాత్రి ఇంటికి వచ్చే వాటితో పోల్చకపోవడమే మంచిది.

ఓటరు ఎప్పుడూ బాగా ఆలోచించే వేస్తాడని కాదు. 1990లో ఆస్తిపన్నుకు గట్టి పరిమితి పెట్టిన ప్రతిపాదనతో స్థానిక బడుల ఆదాయం కుప్పకూలి, ఆ భారం రాష్ట్ర ఖజానా మీద పడింది. 2020లో 58 శాతం మంది మాదకద్రవ్యాలను కొద్ది మొత్తంలో దగ్గర పెట్టుకోవడం నేరం కాదన్నారు. చికిత్స కేంద్రాలు సిద్ధం కాకముందే చట్టం అమలైంది, అంతలో ఫెంటనిల్ అనే మత్తుమందు వచ్చిపడింది, పోర్ట్‌లాండ్ కాలిబాటల మీద జనం ఎదుటే మత్తు తీసుకునే దృశ్యాలు టీవీలో నిండాయి. 2024 సెప్టెంబర్ 1 నుంచి శాసనసభ దాన్ని మళ్లీ నేరం చేసింది. ప్రజలు చేసిన చట్టాన్ని సభ్యులు సరిదిద్దడమంటే యురెన్ కథ తలకిందులైనట్టే.

కొన్ని ఓట్లు ఆలస్యంగా పడతాయి. నల్లవాళ్లను రాష్ట్రంలోకి రానివ్వని నిబంధన అమెరికా 14వ సవరణతో చెల్లకుండా పోయినా, కాగితం మీద నుంచి దాన్ని ఓటర్లు తీసేసింది 1926లో. రాజ్యాంగంలో మిగిలిన జాతి పదాలను తీసేద్దామా అన్న ప్రశ్న 2002లో బ్యాలెట్ మీదకు వచ్చింది. చెల్లని, ఎవరికీ పనికిరాని పాత మాటలవి. అయినా ఓటేసిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు వాటిని ఉంచమన్నారు. ఇక తూర్పు ఒరెగాన్‌లో 13 కౌంటీలు గత కొన్నేళ్లుగా పోర్ట్‌లాండ్‌తో పొసగక, పక్క రాష్ట్రం ఐడహోలో కలుస్తామని, లేదా ఆ విషయం చర్చించాలని ఓటు వేశాయి. సరిహద్దు మార్చాలంటే రెండు శాసనసభలూ, అమెరికా కాంగ్రెస్ కూడా ఒప్పుకోవాలి. అయ్యే పని కాదు. కానీ మెజారిటీ లెక్కలో తాము ఎప్పటికీ మైనారిటీయేనన్న వాళ్ల బాధ నిజమైనదే.

ఇంటెల్ కంపెనీ వల్ల పోర్ట్‌లాండ్ శివారు హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఇవాళ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎందరో ఏళ్ల తరబడి పన్ను కడుతూ, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ, బ్యాలెట్ లేకుండా ఉంటున్నారు. వాళ్లు తెలుసుకోవాల్సిన కొత్త సంగతి ఒకటుంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లను తనంతట తానే ఓటరు జాబితాలో చేర్చే పద్ధతిని అమెరికాలో మొదట పెట్టింది ఒరెగాన్, 2016లో. 2024 సెప్టెంబర్‌లో లైసెన్సు శాఖ పొరపాటున పౌరసత్వ రుజువు చూపని వెయ్యి మందికి పైగా పేర్లు ఆ జాబితాలో చేరాయని తేలింది. పౌరసత్వం లేకుండా ఓటు వేస్తే తప్పు గుమాస్తాదని చెప్పుకున్నా లాభం ఉండకపోవచ్చు. వీసాకే ముప్పు రావచ్చు. లైసెన్సు రెన్యూవల్‌కు వెళ్లేవాళ్లు అక్కడ ఏ పాస్‌పోర్టు చూపించారో, ఓటరు నమోదు విభాగం నుంచి ఇంటికి ఏ ఉత్తరం వచ్చిందో ఒకసారి చూసుకోండి. పేరు తప్పుగా చేరి ఉంటే బ్యాలెట్ నింపకుండా కౌంటీ ఎన్నికల కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి తీసేయించుకోండి.